వ్యాపార సందేహాలు: బేరం ఫోన్‌లో, ఖరారు రాతలో

ప్రశ్న: మాది గుంటూరులో ఎండుమిర్చి వ్యాపారం. నాన్నగారు ఫోన్‌ మీదనే బేరాలు కుదుర్చుకునేవారు. నేను చేరిన తరవాత కొనుగోలుదారులందరినీ ఒకే వాట్సాప్‌ గ్రూపులో చేర్చి, రోజూ ధరలు, సరుకు ఫొటోలు పెడుతున్నాను. కొందరు గ్రూపు వదిలి వెళ్లిపోయారు. ఈమధ్య పాత ఖాతాదారు ఒకరు ఫోన్‌లో అనుకున్న ధర వేరని పేచీ పెట్టారు. దేనికి ఏ సాధనం వాడాలి?
— ఒక పాఠకురాలు, పట్టాభిపురం, గుంటూరు

జవాబు: నాన్నగారి పద్ధతిని పూర్తిగా వదులుకోకండి. ధర దగ్గర పట్టువిడుపులు, సరుకుపై అసంతృప్తి, పాత బాకీ ప్రస్తావన వంటివి నోటితో చెప్పినప్పుడే సవ్యంగా అందుతాయి; అవే మాటలు రాతలో చదివితే, మీరు ఉద్దేశించని కటువుదనం అవతలివారికి కనిపించవచ్చు. లోపమల్లా ఫోన్‌ పెట్టేసిన తరవాత ఏమీ రాసుకోకపోవడంలోనే ఉంది. బేరం కుదిరిన వెంటనే, సరుకు తేజ రకమా 334 రకమా, ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు), క్వింటాలు ధర ఎంత, తేమ గురించీ తాలుకాయల (రంగు పోయిన నాసి కాయల) గురించీ ఏమనుకున్నారు, లారీ కిరాయి ఎవరు భరించాలి, సొమ్ము ఏ తేదీకి అందాలి అన్న వివరాలతో ఒక ఈమెయిల్‌ పంపి, ‘ఇవి సరైనవేనని దయచేసి తెలియజేయగలరు’ అని అడగండి. సమాచార సాంకేతిక చట్టం, 2000 ఎలక్ట్రానిక్‌ రాతకు గుర్తింపు ఇచ్చింది. ఒప్పందం ఎలక్ట్రానిక్‌ రూపంలో కుదిరిందన్న ఒక్క కారణంతో అది చెల్లకుండా పోదని అందులోని 10ఏ సెక్షన్‌ చెబుతోంది. అయితే నేను రాయమంటున్నది కోర్టు కోసం కాదు. శీతల గిడ్డంగిలో సరుకు నెలల తరబడి నిలవ ఉండే మీ వ్యాపారంలో, ఇద్దరు మంచివారి జ్ఞాపకాలు కూడా వేరు కావచ్చు. అందుకే ఈమెయిల్‌ విషయం గడిలో ‘నమస్కారం’ అని కాకుండా రకం, టిక్కీల సంఖ్య, తేదీ రాయండి. వెతికితే వెంటనే దొరుకుతుంది.

గ్రూపు సంగతికి వస్తే, వెళ్లిపోయినవారిని నేను తప్పుపట్టలేను. పరస్పరం పోటీదారులైన కొనుగోలుదారుల ఫోన్‌ నంబర్లు, వారు అడిగే ధరలు అందరికీ కనిపించేలా చేయడం మర్యాద కాదు. దానికి బదులు బ్రాడ్‌కాస్ట్‌ జాబితా వాడితే సందేశం ఎవరికి వారికి విడిగా చేరుతుంది, జవాబు మీకొక్కరికే వస్తుంది. మీ నంబరును తమ ఫోన్‌లో భద్రపరచుకున్నవారికే అది అందుతుంది కనుక, ముందుగా ఒక్కొక్కరినీ అడిగి అనుమతి తీసుకోవలసి వస్తుంది, అది మంచిదే. ఈమెయిల్‌లోనైతే అందరి చిరునామాలూ, ఒకరివి మరొకరికి కనిపించని బీసీసీ గడిలో ఉంచండి.

ధర తప్పు పడితే 15 నిమిషాల లోపు వాట్సాప్‌లో సవరించవచ్చు. ఆ గడువు దాటాక చడీచప్పుడు లేకుండా తొలగిస్తే, తొలగించిన గుర్తు మిగిలి అనుమానానికి తావిస్తుంది. సవరించిన ధరను తెలుపుతూ బాహాటంగా మరో సందేశం పంపండి. మిర్చికి రంగును బట్టి కూడా ధర పలుకుతుంది. మామూలుగా పంపిన ఫొటోను వాట్సాప్‌ కుదించి పంపుతుంది కనుక, పగటి వెలుతురులో తీసిన ఫొటోను డాక్యుమెంట్‌ రూపంలో పంపండి. ఎంత మంచి ఫొటో అయినా మచ్చుకాయలకు సాటి రాదని కూడా అందులోనే రాయండి.

ప్రశ్న: నాకు రాత్రివేళ గుర్తొచ్చిన పనులను సిబ్బందికి వాయిస్‌ మెసేజ్‌లుగా పంపుతాను. ఉదయానికి వాటిలో సగం జరగవు.
— విడిభాగాల దుకాణదారు, ఆటోనగర్‌, విజయవాడ

జవాబు: విడిభాగం నంబరును వినిపిస్తే, దుకాణంలో రద్దీ మధ్య పనివారు ఆ రికార్డును మళ్లీ మళ్లీ వినాలి, అక్షరాల్లో రాస్తే ఒక్క చూపులో దొరుకుతుంది. రాత్రి తోచినవి మీ ఫోన్‌లోనే రాసుకుని, దుకాణం తెరిచాక పేరుపేరునా పంపండి. జీమెయిల్‌లోనైతే సందేశం వెళ్లవలసిన సమయాన్ని ముందే నిర్ణయించవచ్చు. నిజంగా అత్యవసరమైతే మాత్రం, వేళ కాని వేళ పిలుస్తున్నందుకు ముందుగా మన్నించమని చెప్పి, నేరుగా ఫోన్‌ చేయండి.