హద్దులు తేలాకే మొక్కలు

రమ్య బిడ్డకు,

ఏటూరునాగారంలో క్లైమేట్ ప్రాజెక్టులో చేరావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం. ఐటీడీఏలో, అంటే గిరిజనాభివృద్ధి సంస్థలో నౌకరీ చేసి రిటైరైన వాణ్ణి కదా, అడక్కపోయినా నాలుగు మాటలు రాస్తున్నా.

మీ ప్రాజెక్టు కాగితాల్లో మొక్కలు, కార్బన్ ముందుంటాయి, ఊళ్ళు చివర్లో ఉంటాయి. నువ్వు చివరి నుంచి మొదలుపెట్టు. 2025లో మావోయిస్టుల మీద కర్రెగుట్టల్లో చేసిన ఆపరేషన్ తర్వాత ఇటు తుపాకుల మోత తగ్గింది. నాకైతే ఇప్పుడే టెన్షన్. ఇన్నాళ్ళూ లోపలికి రావడానికి జంకిన కలప వాళ్ళు, భూమి బేరగాళ్ళు ఇక దారి చూసుకుంటారు. కొలంబియాలో 2016లో ఫార్క్ గెరిల్లాలతో శాంతి ఒప్పందం అయింది. ఆ ఏడాది 1.79 లక్షల హెక్టార్ల అడవి పోతే, మరుసటి ఏడాది దాదాపు 2.20 లక్షల హెక్టార్లు పోయింది. గెరిల్లాలు ఖాళీ చేసిన చోట కబ్జాదారులు అడవి కొట్టి పశువులను తోలారు. ఒప్పందంలో మొదటి అంశమే భూమి, అయినా పట్టాల కంటే రంపాలు ముందొచ్చాయి.

అందుకే ముందు హక్కు కాగితం మీదికి రావాలి. 2023లో ఇచ్చిన పోడు పట్టాలు ఒక్కో కుటుంబం సాగుకు. ఊరి ఉమ్మడి అడవికి 2006 అటవీ హక్కుల చట్టం కింద ఫారం-సి అనే దరఖాస్తు వేరే ఉంది. దాని ప్రాణమంతా హద్దుల మ్యాప్‌లోనే. ఆఫీసులో కూర్చుని గీయకు. ముసలివాళ్ళ వెంట నడువు. ఏ వాగు మలుపు దాకా మనది, ఏ ఇప్పచెట్టు కింద పువ్వు ఎవరు ఏరుకుంటారు, పక్కూరి పశువులు ఎంతవరకు వస్తాయి, అన్నీ అక్కడికక్కడే రాసుకో. పక్కూరి పెద్దలనూ అదే రోజు రప్పించు. వాళ్ళు ఒప్పుకోని గీత గీశావంటే కొత్త తగాదా పెట్టినట్టే. పెద్దల వాంగ్మూలం కూడా చట్టప్రకారం సాక్ష్యమే. శాటిలైట్ ఫొటో దానికి తోడు మాత్రమే, బదులు కాదు.

వీలు చూసుకుని గోదావరి దాటి గడ్చిరోలిలోని మెండా లేఖకు వెళ్ళిరా. అదీ తుపాకుల జిల్లానే. ఆ గోండు ఊరికి 2009లో ఉమ్మడి హక్కు వచ్చింది, 2011లో వెదురు అమ్ముకునే పర్మిట్ పుస్తకం చేతికొచ్చింది. వెదురు డబ్బు ఊరి చేతికే వస్తుంటే అడవికి కాపలా ఎవరు పెట్టాలి చెప్పు!

గొత్తికోయల విషయంలో నోరు జాగ్రత్త. మావోయిస్టులకు ఎదురుగా నడిపిన సల్వా జుడుం రోజుల్లో ఛత్తీస్‌గఢ్ నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చినవాళ్ళు. ఆ నేల మీద ఉన్నట్టు చూపాల్సిన చట్టం గడువు 2005 డిసెంబర్ 13, చాలామంది ఆ తర్వాతే వచ్చారు. పట్టా ఇప్పిస్తానని మాటివ్వకు. నీళ్ళు, బడి, రేషన్ కోసం మాత్రం వాళ్ళ తరఫున తిరుగు. 2022 నవంబర్‌లో చంద్రుగొండ దగ్గర ప్లాంటేషన్ గొడవలో ఒక రేంజర్ ప్రాణమే పోయింది. గుంత తవ్వే ముందు ఆ నేల ఎవరు దున్నుతున్నారో, ఎవరి పశువులు మేస్తున్నాయో అడుగు.

2024 ఆగస్టు 31 గాలికి తాడ్వాయి, మేడారం మధ్య వేల చెట్లు కూలాయి కదా, అలాంటి చోట్ల ఏం నాటాలో కూడా ఊరినే అడుగు. టేకు ఒక్కటే పెట్టి చేతులు దులుపుకోకు. ఇప్ప, తునికి, వెదురు ఉంటేనే వాళ్ళకు అక్కర. ఇక చెట్లు పీల్చే కార్బన్ లెక్కకు డబ్బిస్తామనే కంపెనీ వాళ్ళు వస్తే ఒప్పందం తెలుగులో రాయించు, కోయలో చదివి వినిపించు. ఎన్నేళ్ళు కట్టుబడాలి, మేకలు మేపుకోవచ్చా, కట్టెలు తెచ్చుకోవచ్చా, డబ్బు ఏ ఖాతాలో పడుతుంది? ఇవి తేలకుండా సంతకం పెట్టనివ్వకు.

హక్కుల తీర్మానం చేసే గ్రామసభకు సగం మంది రావాలి, వచ్చినవాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళుండాలి. ఏప్రిల్, మే నెలల్లో పెట్టావో, తెల్లారకముందే అందరూ తునికాకుకు పోయుంటారు, నీకు కుర్చీలే మిగులుతాయి. వానలు పడ్డాక దుక్కులు. సంక్రాంతి దాటాక పెట్టుకో, జాతర జరిగే ఏడాదైతే మేడారం తేదీలు చూసుకుని మరీ పెట్టు.

మీ పెద్దబాపు
హనుమకొండ