మొదటి హోటల్లోనే నాలుక కాల్చుకోకు

చిట్టితల్లీ,

ఏప్రిల్‌లో స్నేహితులతో కలిసి హ్యూస్టన్ నుంచి న్యూ ఓర్లీన్స్ దాకా క్రాఫిష్, అదే ఆ మంచినీటి రొయ్యలాంటి జీవి, తింటూ వెళ్తున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చదువు మానేసి ఈ తిండి తిరుగుళ్ళేమిటని నా మీదే విరుచుకుపడింది. రొయ్యల కూర వాసనకే ముక్కు మూసుకున్న పిల్లవి, ఏ ఊళ్ళో బాగా ఉడకబెడతారో తేల్చడానికి పట్టీ రాసుకున్నావంటే నాకు ముచ్చటేసింది. మరుక్షణమే భయం కూడా పట్టుకుంది.

తేలిక విషయాలు ముందు చెప్పేస్తాను. గుడ్ ఫ్రైడే నాడు వెళ్ళకు, జనం విరగబడతారు. బయలుదేరే ముందు ఫోను చేసి ఆ రోజు పౌను క్రాఫిష్ ధర అడుగు. తెల్ల బట్టలు వద్దు. మనిషికి మూడు పౌన్లంటే బెదిరిపోకు. తలా, పెంకూ పోగా మిగిలే కండ 15 శాతమే.

ఇక మీ పెదనాన్న కథ. ఆయన పక్కనే కూర్చున్నారు, రాసుకోమన్నారు.

మేమూ ఇలాగే తింటూ తిరిగినప్పుడు, లూసియానా రాష్ట్రంలోని లఫాయెట్ దగ్గర ఆగిన మొదటి హోటల్లో కారం ఎంత కావాలని వడ్డించే పిల్ల అడిగింది. ఈయన ఛాతీ విరుచుకుని, మాది గుంటూరు, అన్నిటికన్నా ఎక్కువది తెమ్మన్నారు. కాసేపు ఏమీ కాలేదు. "ఇదేనా మీ కారం?" అని పక్క బల్ల వాళ్ళకు వినపడేలా నవ్వారు కూడా. మన కూరలో కారం తగలగానే తెలుస్తుంది. వీళ్ళు పొయ్యి ఆపేశాక క్రాఫిష్‌ను ఆ మసాలా నీళ్ళలోనే నానబెడతారు. కయెన్ మిరప ఘాటంతా తలలోకి దిగుతుంది. తల జుర్రిన కొద్దీ అది పోగవుతుంది. పళ్ళెం సగమయ్యేసరికి ఆయన పెదవులు వాచాయి. ఆ వేళ్ళతోనే కన్ను నలుపుకున్నారు! మంచినీళ్ళు తాగితే మంట తగ్గలేదు. బంగాళాదుంప నోట్లో వేసుకున్నారు. ఆ మసాలా నీళ్ళను అందరికన్నా ఎక్కువ పీల్చేది అదేనాయె. చివరికి పాలు తెప్పించాను.

మర్నాడు బ్రో బ్రిడ్జ్ వెళ్ళాం. 1959లో రాష్ట్ర శాసనసభే ప్రపంచ క్రాఫిష్ రాజధాని అని ప్రకటించిన ఊరది. అక్కడ కూర్చుని మహానుభావుడు తెల్లన్నం తిన్నారు. ఆపై ఎక్కడ తిన్నా ఆయనకు ఒకటే రుచి. ఇప్పటికీ మొదటి హోటలే గొప్పదని వాదిస్తారు.

అందుకే అంతటా ఒకే మధ్యరకం కారం అడుగు. మధ్యాహ్నం ఒక చోట, రాత్రి ఒక చోట, అంతే. హ్యూస్టన్ బెలెయిర్ వీధిలోని వియత్నాం వాళ్ళు ఉడికించాక వెల్లుల్లి వెన్నలో కలిపి ఇస్తారు. లూసియానాలో రుచి నీళ్ళలోంచే రావాలి, కొందరు పైన పొడి చల్లుతారు. ఈ రెండింటికీ పోటీ పెట్టకు. నాకైతే వెన్న ఇష్టమే కానీ, దాని చాటున సరుకు మంచిదో కాదో తెలియదు. ఎక్కడైనా సాస్ తగలనిది ఒకటి తీసుకుని తోకను మెలితిప్పి లాగు. తలలోని పసుపుపచ్చ కొవ్వు కొంచెం కండకు అంటుకుని వస్తుంది. మొదటి పెంకు వలయం ఒలిచి, తోక చివర నొక్కు. కండ బిగువుగా, తియ్యగా ఉంటే మంచి మార్కులు వెయ్యి. పిండిలా విడిపోతే ఎంత పేరున్న హోటలైనా కొట్టెయ్యి.

దారిలో క్రౌలీ, రేన్ చుట్టుపక్కల నీళ్ళు నిలిపిన మళ్ళలో తీగవల బోనుల మూతులు పైకి కనబడతాయి. అవి వరి మళ్ళే. కోతయ్యాక మోడుల్లోంచి మళ్ళీ మొలిచే పైరే క్రాఫిష్‌కు ఆధారం. మా గోదావరి వైపు చేలను తవ్వి రొయ్యల చెరువులు చేసుకున్నారు. ఇక్కడ వరీ నిలిచింది, ఇదీ పండుతోంది. కారు ఆపి ఒకసారి చూడు.

ఇప్పుడు నాకు నిద్ర పట్టనివ్వని మాట. మీలో ఒకబ్బాయికి రొయ్యలు పడవట కదా. రొయ్య పడనివాళ్ళకు క్రాఫిష్ కూడా పడకపోవచ్చు. నేను మొక్కజొన్న పొత్తే తింటానంటాడు. పొత్తూ, దుంపా, సాసేజీ అన్నీ క్రాఫిష్ ఉడికే గంగాళంలోనే ఉడుకుతాయి తల్లీ! కొందరికి ఆ ఆవిరి కూడా పడదు. అతన్ని డాక్టరును అడగమను. హోటల్లో వేరే గిన్నెలో, వేరే నూనెలో వండింది ఉంటేనే పెట్టించు. పంది మాంసం తిననివాళ్ళున్నా ఇదే చిక్కు, సాసేజీ పక్కకు తీసేస్తే చాలదు.

లఫాయెట్ దాటాక అచఫలాయ చిత్తడి మీద 18 మైళ్ళ వంతెన వస్తుంది. పొట్ట నిండా తిని రాత్రిపూట దాని మీద నడపకండి, తెల్లారాక వెళ్ళండి. నా మాట చాదస్తమనుకున్నా సరే.

ఖర్చులకు కొంత పంపుతున్నాను, అమ్మకు చెప్పకు. రొయ్యలు పడని ఆ అబ్బాయి అలర్జీ ఇంజెక్షన్ ఎవరి సంచీలో ఉంటుందో మాత్రం బయలుదేరే ముందే నాకు ఫోను చేసి చెప్పు.

మీ పెద్దమ్మ