సొంత దుఃఖం ఈ పనికి సరిపోతుందా?

తమ్ముడు పోయి ఏడాదిన్నర అయిందనీ, ఐటీ ఉద్యోగం మానేసి హ్యూస్టన్‌లో ఆప్తుల్ని పోగొట్టుకున్న హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే) కుటుంబాలకు తోడుండే పని చేయాలనుందనీ రాశారు. ఆ దుఃఖమే అర్హత అవుతుందా అని అడిగారు. 2016 నుంచి శాన్ ఆంటోనియోలో ఒక హాస్పిస్‌లో, అంటే చివరి రోజుల్లో ఉన్న రోగుల్ని చూసుకునే సంస్థలో, నేను చేస్తున్నది ఈ పనే. సరిపోదండీ. గుమ్మం దాకా తీసుకొస్తుంది, అంతే.

మా ఆయన 2011లో గుండెపోటుతో పోయారు. పలకరించడానికి వచ్చిన మనవాళ్లు ఇల్లు అమ్ముతావా, పిల్లాణ్ణి తీసుకుని ఇండియా వెళ్లిపోతావా అని అడిగారు. వాళ్ల బెంగ వాళ్లది. పక్కింటి మెక్సికన్ పెద్దావిడ ఏమీ అడగలేదు. సాయంత్రం కాగానే బీన్స్ గిన్నె, గుడ్డలో చుట్టిన తొర్తియా రొట్టెలు తెచ్చి బల్ల మీద పెట్టి, నా పక్కన కూర్చుని జపమాల తిప్పుకునేది. అలా తొమ్మిది రోజులు. దాన్ని నొవెనారియో అంటారనీ, మనిషి పోయాక తొమ్మిది రోజులు అందరూ చేరి ప్రార్థన చేస్తారనీ తర్వాత తెలిసింది. పదకొండో రోజు ఎప్పుడని వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్న నాకు ఆ లెక్క ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. నవంబరు 2న, పోయినవాళ్లను తలుచుకునే రోజున, వాళ్లింట్లో కట్టిన ఒఫ్రెందాలో (పోయినవాళ్ల కోసం అలంకరించే పీఠం) మా ఆయన ఫొటో కూడా పెట్టింది, చుట్టూ బంతిపూలతో. మన గుమ్మాలకు కట్టే బంతి అసలు మెక్సికో మొక్కేనని అప్పుడే విన్నాను.

వాలంటీరుగా చేరిన కొత్తలో, భర్త పోయి ఏడుస్తున్న ఒకావిడతో "నాకూ అంతేనమ్మా" అని నా కథంతా చెప్పాను. ఆవిడ కళ్లు తుడుచుకుని, లేచి నాకు కాఫీ పెట్టి, నన్ను ఓదార్చడం మొదలుపెట్టింది. ఏడవనివ్వాల్సిన మనిషి ఏడుపు ఆపించి వచ్చాను. అప్పటినుంచి, వాళ్లు అడిగితే తప్ప మా ఆయన ఊసెత్తను. స్పానిష్ పరామర్శలో ఒక మాట ఉంది, "లె అకొంపాన్యో ఎన్ సు సెంతిమియెంతో", మీ బాధలో మీ వెంట ఉన్నాను అని. ఆ మాట అని ఊరుకోవడం నేర్చుకోవడానికి నాకు ఏళ్లు పట్టింది.

ఇంకో తప్పు ఇప్పటికీ గుచ్చుతుంది. స్పానిష్ రాక, పన్నెండేళ్ల పాప చేత తల్లికి అనువాదం చేయించాను. నాన్న ఇక రెండు రోజులే అన్న మాట ఆ పిల్ల నోటితో చెప్పించాను. ఆ నెలలోనే కమ్యూనిటీ కాలేజీలో స్పానిష్ క్లాసులో చేరాను. ఇప్పుడు భాష వచ్చినా, డాక్టరు చెప్పే విషయాలకు శిక్షణ పొందిన అనువాదకుల్నే ఫోన్లో పిలుస్తాను. పిల్లల్ని ఎప్పుడూ వాడకండి.

మీకు ఎక్కువగా ఎదురయ్యేది మాత్రం సరిహద్దు. ఇక్కణ్ణుంచి మెక్సికో సరిహద్దు ఊరు లారెడో రెండున్నర గంటల దారి. కాగితాలు లేని కొడుకు అవతల తల్లి పోయినా దాటలేడు, దాటితే తిరిగి రాలేడు. ఖననం ఫోన్లో చూస్తాడు. కోవిడ్‌లో విమానాలు ఆగిపోయి అమ్మానాన్నల చివరి చూపు వాట్సాప్‌లో చూసుకున్న మనవాళ్లకు ఇది కొంత తెలుసు. అలాంటివాళ్లతో ఇక్కడే ఒక గదిలో ఫొటో పెట్టి, కొవ్వొత్తి వెలిగించి కూర్చుంటాం. ఇక్కడ పోయినవాళ్లను ఊరికి పంపాలంటే మెక్సికన్ కాన్సులేట్‌తో మాట్లాడాలి. ఆ కాగితాల పని నేర్చుకోండి, ఆ సమయంలో కుటుంబానికి అంతకంటే ఓదార్పు ఉండదు.

ఉద్యోగాల సంగతికొస్తే, రోగి పోయాక ఏడాది దాకా కుటుంబానికి దుఃఖంలో తోడుండే ఈ సేవ అందుబాటులో ఉంచాలని హాస్పిస్‌లకు మెడికేర్ (పెద్దవాళ్లకు ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా) నిబంధన. అందుకే ఈ పోస్టులున్నాయి. నేను సోషల్ వర్క్‌లో మాస్టర్స్ చేసి, టెక్సస్ లైసెన్స్ తీసుకున్నాను. మీరు ఇప్పుడే ఉద్యోగం మానకండి. ముందు వాలంటీరుగా చేరండి. దగ్గరివాళ్లు పోయి ఏడాది నిండందే చాలా హాస్పిస్‌లు తీసుకోవు, మీకు ఆ గడువు దాటింది. ఇంటర్వ్యూలో తమ్ముడి గురించి అడుగుతారు. అక్కడ మాత్రం మొత్తం చెప్పండి.