నేల మీద కాగితాలు

అమ్మడూ,

మీ అమ్మ ఫోన్ చేసి, "అన్నయ్యా, నీ మేనకోడలు బంగారంలాంటి ఉద్యోగం మానేసి దయ్యాల గేమ్ చేస్తుందట, నువ్వైనా చెప్పు" అంది. తిట్టమని దాని ఉద్దేశం. సరేనన్నాను గానీ, ఫోన్ పెట్టేశాక చాలాసేపు నాలో నేనే నవ్వుకున్నాను. మన ఇంట్లో ఈ పిచ్చి నాతోనే పోతుందనుకున్నా.

నువ్వు పంపిన కథ రెండుసార్లు చదివాను. హిట్లర్ సాయుధ దళం ఎస్‌ఎస్ వాళ్ళు పాత జర్మన్ రాజు సమాధి తెరుస్తారు, శవాలు లేస్తాయి. తల్లీ, ఆ సమాధిని 2001లోనే ఇంకో ఆటలో తెరిచేశారు. రిటర్న్ టు కాసిల్ వుల్ఫెన్‌స్టైన్‌లో లేచేది మొదటి హైన్‌రిచ్ రాజే. అది పూర్తిగా కల్పన కూడా కాదు. ఆ రాజు చనిపోయి వెయ్యేళ్ళయిందని 1936 జులై 2న ఎస్‌ఎస్ అధిపతి హిమ్లర్ జర్మనీలోని క్వెడ్లిన్‌బర్గ్ చర్చిలో నిజంగానే ఉత్సవం చేశాడు. నిజమే అంత వింతగా ఉంటే, నువ్వు కొత్త మంత్రాలు కల్పించడం దేనికి?

రోజూ బ్యాకప్ తీసుకో. మ్యూజిక్ హక్కులు రాతపూర్వకంగా తీసుకో. ఆర్నెల్ల ఖర్చు చేతిలో ఉంచుకో. ఇవన్నీ నీకు తెలిసినవే.

జెండా మీది గుర్తు సంగతి మాత్రం విను. మీ ఫైళ్ళలో దాన్ని "స్వస్తిక్" అని రాశారు. మీ అమ్మ నీ కొత్త స్కూటీ మీద కుంకుమతో వేసింది స్వస్తిక్. నాజీలు తమదాన్ని హాకెన్‌క్రాయిట్స్ అన్నారు, అంటే కొక్కేల శిలువ. ఆటలో ఆ పేరే వాడు. జర్మనీలో అమ్మాలంటే దాని చట్టం వేరే ఉంది. 2018 వరకు ఆటల్లో ఆ గుర్తును దాదాపుగా రానిచ్చేవారు కాదు, ఆ తర్వాత ఒక్కో ఆటను విడిగా చూసి వయసు రేటింగ్ ఇస్తున్నారు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. మీ అత్తకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

అప్పట్లో విదేశీ ఆటలకు బొమ్మలు వేసిపెట్టే ఒక ఆఫీసులో టెక్స్చర్లు, అంటే ఆటలో గోడలకీ నేలకీ అతికించే బొమ్మలు, చేసేవాణ్ణి. ఉత్తర ఆఫ్రికా యుద్ధం ఆట. బాంబు పడ్డ ఇల్లు, నేలంతా చెదిరిన కాగితాలు. డెలివరీ తెల్లారికి. నెట్‌లో అరబిక్ రాత ఉన్న పేజీ ఒకటి దొరికితే, దాన్ని మురికి చేసి, అంచులు కాల్చి, నేలంతా పరిచేశాను. చూడ్డానికి భలేగా వచ్చింది, నిజం చెప్పొద్దూ.

పక్క సీటు కుర్రాడు టీ గ్లాసుతో వచ్చి నిలబడ్డాడు. స్క్రీన్ వైపు చూసి, మెల్లగా, "అన్నా, అది ఫాతిహా" అన్నాడు. ఖురాన్‌లో మొదటి అధ్యాయం. రోజూ నమాజులో చదివేది. ఆటలో సైనికుడు దాన్ని బూట్లతో తొక్కుకుంటూ వెళ్తున్నాడు.

అక్కడితో మార్చేసి ఉంటే అది తెలియక చేసిన పొరపాటే అయ్యేది. నేనేమన్నానో తెలుసా? "ఇంత చిన్న అక్షరాలు ఎవడికి కనిపిస్తాయిరా!"

"నాకు కనిపించాయి కదన్నా" అన్నాడు. కోపంగా కూడా కాదు. తన సీట్లోకెళ్ళి కూర్చున్నాడు.

ఆ రాత్రే మార్చాను. అతనికి సారీ మాత్రం చెప్పలేదు. సీనియర్‌ని కదా! 2021 నవంబర్‌లో కాల్ ఆఫ్ డ్యూటీ వాన్‌గార్డ్ అనే ఆటలో, జాంబీల భాగంలో, ఖురాన్ పేజీలు నేల మీద రక్తపు మరకలతో కనిపించాయి. గొడవయ్యింది, కంపెనీ క్షమాపణ చెప్పి తీసేసింది. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అన్నేళ్ళ తర్వాత అతనికి ఫోన్ చేశాను. నవ్వేసి, "అన్నా, అమ్మాయి ఏం చదువుతోంది?" అని అడిగాడు. నాకు గొంతు పూడుకుపోయింది.

అందుకే నీ కోట నేల గురించి ఇంత గోల. జర్మనీలో ఎస్‌ఎస్ వాళ్ళ వెవెల్స్‌బర్గ్ కోట హాలు నేల మీది పన్నెండు ఆకుల చక్రాన్ని మీరు మాయాద్వారం చేశారు. ఆ కోట పనులకి హిమ్లర్ పక్కనే నీడర్‌హాగెన్ అనే ఖైదీల క్యాంపు పెట్టించాడు. అక్కడికి తెచ్చిన దాదాపు 3,900 మంది ఖైదీల్లో 1,285 మంది చనిపోయారు. వాళ్ళలో నాజీలకు మొక్కడానికి ఒప్పుకోని యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖవాళ్ళు కూడా ఉన్నారు. మతం గురించి ఆట అంటున్నావే, ఇదిగో మతం. మీ పదహారు పేజీల్లో వాళ్ళ ఊసే లేదు.

ఇంకొకటి. లేచే శవాలకు నాజీ క్యాంపు ఖైదీల చారల బట్టలు తొడిగిన బొమ్మ చూశాను. అది తీసెయ్. ఈరోజే తీసెయ్. మీ విలన్ల సంస్థ ఆనెనెర్బె నిజంగా ఉన్నదే, ఎస్‌ఎస్ వాళ్ళ పరిశోధన సంస్థ. అస్థిపంజరాల సేకరణ కోసమని దాని మనుషులు 1943లో 86 మంది యూదులను నాట్స్‌వైలర్ క్యాంపులో గ్యాస్‌తో చంపించారు. ఏ దయ్యమూ పూనలేదు. ఫైళ్ళు, ఉత్తరాలు, సంతకాలు, అంతే. నువ్వు దయ్యం మీదికి నెట్టేస్తే సంతకం పెట్టినవాడు బతికిపోతాడు. ఆ చచ్చినవాళ్ళనే మళ్ళీ లేపి, ఆడేవాడి చేత కాల్పిస్తావా?

కటువుగా రాశాను. ఆ చలి మెట్ల సీను మాత్రం నేనైతే వెయ్యలేను, అంత బాగుంది. మీ అమ్మకి చెప్పాను, ఏడాది ఆగమని. సంక్రాంతికి లాప్‌టాప్ తెచ్చుకో, కరెంటు పోకుండా ఇన్వర్టర్ బాగు చేయిస్తాను. ముందు నేల చూపించు, దగ్గరికి జూమ్ చేసి.

నీ మావయ్య