పాత టూరర్ కొనే ముందు: మేనల్లుడికి మావయ్య ఉత్తరం

చిరంజీవి కిరణ్‌కి,

మావయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన ఫొటోలు చూశాను. 1929 షెవ్రొలే కారు, టాపు మడిచే టూరర్, బాడీ ఒరిజినలేనని అమ్మేవాడు గట్టిగా చెబుతున్నాడు. నువ్వేమో ఇంజను స్టార్టవుతోందా అని అడుగుతున్నావు. ఇంజను సంగతి తర్వాత చూద్దాం, ముందు చెక్క చూడాలి.

ఆ ఏడాది షెవ్రొలేకి నాలుగు సిలిండర్ల ఇంజను బదులు ఆరు సిలిండర్లది పెట్టారు, 194 క్యూబిక్ ఇంచులది. లక్షల్లో తయారైన బండి కాబట్టి సామాన్లు ఎక్కడో ఓచోట దొరుకుతాయి, దొరకనివి లేతు మీద తీయించుకోవచ్చు. బాడీ అలా కాదు. పైకి రేకు కనిపిస్తుంది గానీ లోపల అస్థిపంజరమంతా చెక్కే. దాని మీద రేకు తొడిగి మేకులు కొట్టారు. ఆ చెక్క పోతే మన వడ్రంగి టేకుతో ఇంకా గట్టిగానే చేసిస్తాడు, కానీ అప్పుడది ఒరిజినల్ బాడీ కాదు, ఆ ధరా పలకదు.

చూసే పద్ధతి చెబుతాను. తలుపు సగం తెరిచి, చివర పట్టుకుని మెల్లగా పైకెత్తు. తలుపొక్కటే ఊగితే హింజి పిన్ను అరిగిందని అర్థం, అది చిన్న పని. తలుపుతోపాటు పిల్లరు, అంటే తలుపు బిగించిన నిలువు స్తంభం కూడా కదిలితే లోపల చెక్క పుచ్చిపోయింది. నాలుగు తలుపులూ ఇలాగే చూడు. తర్వాత మ్యాట్లు తీయించి, తలుపు కింద గడపలా ఉండే చెక్కని స్క్రూడ్రైవరు మొనతో నొక్కు. మన వైజాగ్‌లో చెదలు ఒక ఎత్తు, ఉప్పుగాలి ఒక ఎత్తు. మేకు తుప్పు పట్టేకొద్దీ చుట్టూ ఉన్న చెక్క నల్లబడి పొడిపొడి అవుతుంది. పైన రంగు నిగనిగలాడుతూ ఉంటుంది, లోపల మేకుకి పట్టే ఉండదు.

స్క్రూల తలలు కూడా చూడు. అప్పటి బండికి అన్నీ మైనస్ గాటు స్క్రూలే. ప్లస్ గాటువి కార్లలోకి వచ్చింది 1930ల నడుమ. హింజీల దగ్గరో, గడప పట్టీ మీదో ప్లస్ కనిపిస్తే అక్కడ తర్వాత ఎవరో చెయ్యి పెట్టారని గుర్తు. ఒకటి రెండుంటే ఫర్వాలేదు, అన్నీ అవే అయితే ఆ బాడీని ఒకసారి విప్పి కట్టినట్టే. అయస్కాంతానికి మెత్తటి గుడ్డ చుట్టి మడ్‌గార్డుల మీద, తలుపుల కింది అంచుల మీద నడిపించు. పట్టు సడలిన చోట రేకు బదులు పుట్టీ ఉంది. అసలు రంగేమిటో డాష్‌బోర్డు వెనకా, సీటు కిందా చూస్తే తెలుస్తుంది, అక్కడ ఎవరూ రంగు వేయరు.

టాపు గుడ్డ కొత్తదైతే బాధపడకు, ఇన్నేళ్ళు ఏ గుడ్డా నిలవదు. దాన్ని మోసే కమానులు పాతవా కాదా అన్నదే లెక్క. టూరర్‌కి అద్దాల కిటికీలుండవు, వానొస్తే పక్కన పరదాలు తగిలిస్తారు. అవి ఉన్నాయా అని అడుగు. చిరిగినవైనా సరే ఇమ్మను.

ఇక కథలు. మన వైపు ప్రతి పాత కారూ జయపురం రాజావారిదో, బొబ్బిలి వారిదో, విజయనగరం కోటలోంచి వచ్చిందో అవుతుంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ వాళ్ళు బాంబులు వేసినప్పుడు ఇందులోనే ఊరు దాటారని కూడా చెబుతారు. బాంబులు పడ్డమాట నిజం, జనం ఊరొదిలి పోయినమాటా నిజం. ఈ కారు సంగతికే కాగితం కావాలి. పాత ఆర్‌సీ పుస్తకం, టాక్సు రసీదులు, పెళ్ళి ఫొటోలో వెనకాల కనిపించినా చాలు. జనరల్ మోటార్స్ వాళ్ళు 1928లోనే బొంబాయిలో బండ్లు బిగించడం మొదలుపెట్టారు కాబట్టి ఇక్కడ అమ్మిన బండికి స్టీరింగు కుడి పక్కనుండాలి. ఎడమ పక్కనుంటే ఎలా వచ్చిందో చెప్పమను.

ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు ఆర్‌సీతో నువ్వే సరిచూసుకో. 2021 నాటి వింటేజ్ రూల్సు ప్రకారం యాభై ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చని బండికే ఆ గుర్తింపు. పాత నంబరుంటే అదే ఉంచుకోవచ్చు. కొత్తగా చేయిస్తే ఫీజు 20,000, నంబరులో వీఏ అని వస్తుంది, పదేళ్ళు చెల్లుతుంది. రోజూ ఆఫీసుకి వేసుకెళ్ళడానికి మాత్రం కుదరదు.

కొన్నాక నీకు వచ్చే మొదటి ఆలోచన ఆటోనగర్ తీసికెళ్ళి తళతళలాడించడం. వద్దు. అక్కడి లారీ బాడీల పనివాళ్ళకి నేను దండం పెడతాను, కానీ వాళ్ళు నీకు కొత్త బండి చేసిస్తారు. వెలిసిన రంగు వెలిసినట్టే ఉంచు. పెట్రోలు పైపులు మాత్రం వెంటనే మార్పించు. ఇప్పుడొచ్చే ఇథనాల్ కలిపిన పెట్రోలు పాత రబ్బరుని తినేస్తుంది, ట్యాంకులో నిలవుంటే చెమ్మ లాగుతుంది. గేర్ల వేగాన్ని తనంతట తానే కలిపే సింక్రో దీనికి లేదు, గేరు మార్చినప్పుడల్లా క్లచ్చి రెండుసార్లు తొక్కాలి. సింహాచలం ఘాటీ ఇప్పట్లో ఎక్కించకు, బ్రేకులు కడ్డీలతో పనిచేసేవి. హ్యాండిలు తిప్పి స్టార్టు చేసేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ళ పక్కనే ఉంచాలి, పిడికిలి బిగించావో ఇంజను వెనక్కి కొట్టినప్పుడు వేలు విరుగుతుంది.

నీ ఫ్లాటు లాసన్స్ బేలో సముద్రానికి ఎదురుగా ఉంది, అక్కడ పెట్టడానికి నేనొప్పుకోను. ప్లాస్టిక్ కవరు కప్పితే చెమ్మ లోపలే ఉండిపోయి ఇంకా చెరుపు. పెందుర్తిలో మన షెడ్డు ఖాళీగానే ఉంది, నూలు గుడ్డ కప్పి అక్కడుంచుదాం.

శనివారం పొద్దున్నే వెళ్దాం. మనం వచ్చేదాకా ఇంజను స్టార్టు చేయొద్దని వాడికి చెప్పు, చల్లగా ఉన్నప్పుడు ఎలా అందుకుంటుందో చూడాలి. టార్చి, అయస్కాంతం నేను తెస్తాను. అప్పటిదాకా రూపాయి అడ్వాన్సు ఇవ్వకు. బావగారికి ఈ సంగతి నువ్వెత్తకు, నేను చెబుతాను.

మీ మావయ్య