సెకండ్ హ్యాండ్ స్పోర్టీ హ్యాచ్‌బ్యాక్ మన జిల్లా దారులకు పనికొస్తుందా?

నల్లగొండలో ఉంటూ వారానికి రెండు మూడు సార్లు పల్లె దారుల్లో తిరగవలసిన మనిషి పోలో జీటీ, బలెనో ఆర్‌ఎస్ వంటి టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) ఉన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్‌ను సెకండ్ హ్యాండ్‌లో కొనవచ్చా, వాడినవారు దేనిని మెచ్చుకుంటారు, దేని గురించి బాధపడతారు అని మీరు అడిగారు. నేను మిర్యాలగూడలో ఉంటాను. ఈ తరగతికే చెందిన 2018 నాటి కారును 2022లో, 46,000 కిలోమీటర్లు తిరిగిన తరువాత, హైదరాబాదులో ఒక యజమాని దగ్గర కొన్నాను. అది ఏ కంపెనీదో ఇక్కడ రాయడం లేదు. కొనవచ్చు అనేదే నా సమాధానం. అయితే అందరూ ఇంజిన్ వేగం చూసి మోజు పడతారు. నా అనుభవంలో ఈ కార్ల అసలు గొప్పతనం బ్రేకుల్లో, స్టీరింగ్‌లో ఉంది, అసలు బలహీనత కారు కింది భాగంలో ఉంది. ఈ రెండూ నాకు ఒకే రాత్రి, పది సెకన్ల తేడాలో తెలిసివచ్చాయి.

అది కార్తీక మాసం. హాలియాలో బంధువుల ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్లి, అమ్మను వెనక సీట్లో కూర్చోబెట్టుకొని మిర్యాలగూడకు తిరిగి వస్తున్నాను. సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు అంతటా వానాకాలం వరికోతలు ముమ్మరంగా సాగుతున్న రోజులవి. ఏడున్నర దాటింది, ఎదురుగా వచ్చే లారీ లైట్లు కళ్లలో పడుతున్నాయి. లారీ దాటిపోయిన మరుక్షణం నా వైపు రోడ్డు మీద సగం వెడల్పున నల్లని టార్పాలిన్ కప్పిన వడ్ల రాశి, దాని చుట్టూ వరుసగా పేర్చిన రాళ్లు కనిపించాయి. నేను 70 కిలోమీటర్ల వేగంలో ఉన్నాను. బ్రేకు మీద కాలు మొత్తం బరువు వేసి తొక్కాను. పెడల్ కాలి కింద దడదడ కొట్టుకుంది, అంటే గట్టి బ్రేకులో చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పనిచేస్తోందన్నమాట. చక్రాలు బిగుసుకుపోలేదు కాబట్టి అంత గట్టిగా బ్రేకు వేసినా స్టీరింగ్ నా మాట విన్నది. కారు వెనక భాగం ఊగలేదు, పక్కకు జారలేదు, నేను ఎటు తిప్పితే అటు తిరిగి రాశిని తప్పించింది. ఇంతకు ముందు నా దగ్గర ఉన్న పాత కారుకు ఏబీఎస్ లేదు. అది రాశి మీదికి ఎక్కేదని నేను నిశ్చయంగా చెప్పగలను. మన దేశంలో ఏబీఎస్ అన్ని కొత్త కార్లకు తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ నుంచే. అంతకు ముందు తయారైన కార్లలో, తక్కువ ధర రకాలకు అది లేకపోయినా, ఈ స్పోర్టీ రకాలకు ముందునుంచీ ఇచ్చేవారు.

రాశిని తప్పించాను కాని, దాని అంచున ఉన్న ఒక రాయిని తప్పించలేకపోయాను. అది రెండు చక్రాల మధ్య నుంచి వెళ్లింది. ఇంకా ఎత్తైన కారైతే దాటిపోయేదేమో. నా కారు ఖాళీగా ఉన్నప్పుడు నేలకు 170 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది, బ్రేకు వేసినప్పుడు ముందు భాగం ఇంకా కిందికి వంగుతుంది. టక్కుమని ఒక్క దెబ్బ వినిపించింది. వంద గజాలు పోకముందే డ్యాష్‌బోర్డు మీద ఎర్రని ఆయిల్ గుర్తు వెలిగింది. వెంటనే ఇంజిన్ ఆపేశాను. దిగి సెల్‌ఫోన్ వెలుతురులో వంగి చూస్తే, తేనె రంగులో ఆయిల్ ధారగా కారి మట్టిలో ఇంకిపోతోంది. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలవ ఉండే పాత్రను, మెకానిక్కులు చాంబర్ అనేదాన్ని, రాయి చీల్చేసింది.

ఇక్కడ ఒక్క మాట మీరు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. టర్బోలోని ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. అది నిలిచేది పలుచని ఆయిల్ పొర మీద. ఆ గుర్తు వెలిగిన తరువాత కూడా పక్క ఊరి దాకా వెళ్దాంలే అనుకొని నడిపితే నిమిషాల్లో టర్బో పోతుంది, దాని వెంటే ఇంజిన్ బేరింగులు పోతాయి. నేను ఆ క్షణంలో ఆపాను కాబట్టి చాంబర్, కొత్త ఆయిల్, ఫిల్టర్, పనికూలి, క్రేన్ ఖర్చు అన్నీ కలిపి 16 వేల రూపాయలతో బయటపడ్డాను. అల్యూమినియం చాంబర్‌కు వెల్డింగ్ నమ్మకం లేదని మెకానిక్ చెప్పాడు. కొత్తది హైదరాబాదు నుంచి రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఈ తరగతి కార్లలో చాలావాటి తయారీ ఆగిపోయింది. బలెనో ఆర్‌ఎస్ ఇప్పుడు రావడం లేదు, పోలో మన దేశంలో 2022లో ఆగింది. మామూలు మోడల్‌తో కలిసే ఫిల్టర్లు, బ్రేకు ప్యాడ్లు సులభంగానే దొరుకుతాయి. ఈ రకానికి మాత్రమే ఉండే బంపర్లు, టర్బో గొట్టాలు, సస్పెన్షన్ భాగాలకు ఎదురుచూడక తప్పదు.

ఆ రాత్రి వడ్ల రాశి దగ్గర కావలి పడుకున్న రైతు టార్చ్‌లైటు పట్టుకొని పరుగున వచ్చాడు. నాకు కోపం ఉంది, అమ్మకు ఒళ్లు వణుకుతోంది. రోడ్డు మీద పోస్తే ఎట్లా అని అడిగాను. ఆయన తల దించుకొని, “ఏం జెయ్యమంటరు సారూ, తేమ 17 దాటితే కాంటా పెట్టరు. కేంద్రంల జాగ లేదు. మబ్బు పట్టింది. యాడ ఆరబోసుకోవాలె?” అన్నాడు. తరువాత ఆయనే కొడుకును పిలిచి కారును పక్కకు నెట్టించాడు, అమ్మకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు. మా తాత కూడా వరి పండించినవాడే కాబట్టి ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. కొనుగోలు కేంద్రంలో ధాన్యం తేమ 17 శాతం లోపు ఉండాలన్నది నిబంధన. అంత ఆరబెట్టడానికి ఊరికొక సిమెంటు కల్లం ఉంటే రోడ్డు మీదికి రావలసిన అవసరం ఏ రైతుకూ ఉండదు. అది లేనంతకాలం కోతల రోజుల్లో, మీరు ఏ కారు కొన్నా, చీకటి పడిన తరువాత మన దారుల్లో 50 దాటవద్దు.

స్పీడ్ బ్రేకర్ల విషయంలో మాత్రం నేను ఎవరినీ క్షమించలేను. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిర్దేశించిన గుండ్రని స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. అలా కడితే ఈ కారు పొట్ట ఎక్కడా తగలదు. మన ఊళ్లలో ఒక ప్రమాదం జరగగానే రాత్రికి రాత్రి రెండు అడుగుల వెడల్పున, గట్టులాగా, రంగు కూడా వేయకుండా పోస్తారు. నలుగురు ఎక్కి ఉన్నప్పుడు వాటిని నేను ఏటవాలుగా, ఒక్కొక్క చక్రమే ఎక్కేలా దాటిస్తాను. ఇప్పుడు చాంబర్ కింద ఇనుప గార్డు కూడా వేయించాను.

రెండో పెద్ద ఫిర్యాదు చక్రాలది. నా కారుకు వచ్చినవి 195/55 ఆర్16 టైర్లు. ఈ కొలత ప్రకారం రిమ్ము అంచు నుంచి నేల వరకు ఉండే రబ్బరు ఎత్తు 107 మిల్లీమీటర్లే. గుంతలో పడితే దెబ్బ నేరుగా రిమ్ముకు తగులుతుంది, టైరు పక్క గోడకు బుడగ లేస్తుంది. నాకు మొదటి ఏడాదిలోనే రెండు టైర్లు అలా పోయాయి. ఆ తరువాత 15 అంగుళాల రిమ్ములకు మారి 185/65 టైర్లు వేయించాను. రబ్బరు ఎత్తు 120 మిల్లీమీటర్లకు పెరిగింది, మొత్తం చక్రం ఎత్తు మాత్రం దాదాపు అంతే ఉండడం వల్ల స్పీడోమీటరు లెక్క తప్పలేదు. చిన్న రిమ్ము లోపలి బ్రేకు క్యాలిపర్‌కు (బ్రేకు ప్యాడ్లను నొక్కే భాగానికి) తగలకుండా పడుతుందో లేదో ముందు ఒకటి బిగించి, తిప్పి చూడాలి. మలుపుల్లో పట్టు కొంచెం తగ్గింది. వెనక కూర్చున్న అమ్మకు నడుము నొప్పి తగ్గింది. నాకు ఆ బేరం సమ్మతమే.

ఇంజిన్ గురించి పెద్దగా చెప్పనవసరం లేదు, అది మంచిది. మామూలు 1.2 లీటర్ల పెట్రోల్ ఇంజిన్ 110 నుంచి 115 న్యూటన్ మీటర్ల టార్క్‌ను, అంటే చక్రాలను తిప్పే బలాన్ని, 4000 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర ఇస్తే, 1 లీటరు టర్బో 150 నుంచి 175 వరకు, అదీ 1700 దగ్గరనుంచే ఇస్తుంది. చౌటుప్పల్ దాటాక హైవే మీద లారీల వరుసను దాటేటప్పుడు గేరు మార్చవలసిన అవసరమే రాదు. కాలు బరువైతే మైలేజీ లీటరుకు 11కు పడిపోతుంది, నెమ్మదిగా వెళ్తే 17 వస్తుంది. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ వచ్చాక నాకు ఇంకొంచెం తగ్గింది.

చాలామంది యజమానులు చెప్పే టర్బో ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ముందు వాడినవారి నిర్లక్ష్యం వల్ల వచ్చేవేనని నా గట్టి నమ్మకం. గంటసేపు హైవే మీద పరుగెత్తించి వచ్చి వెంటనే తాళం తిప్పేస్తారు; ఒక నిమిషం ఐడిల్‌లో, అంటే బండి నిలిపి ఇంజిన్‌ను మాత్రం నడుస్తూ, ఉంచితే టర్బో చల్లబడుతుంది. డబ్బు మిగులుతుందని చౌక ఆయిల్ పోయిస్తారు. ఇంజిన్ బలం పెరిగేలా దాని కంప్యూటర్ ప్రోగ్రామును మార్పించి (రీమ్యాప్ చేయించి), అమ్మే ముందు తీసేయిస్తారు. దాని జాడ క్లచ్ అరుగుదలలోనే తెలుస్తుంది. 40 వేల కిలోమీటర్లకే క్లచ్ మార్చి ఉంటే కారణం అడగండి. ఇటువంటి కార్ల మీద అతివేగం చలాన్లు గుట్టలుగా ఉంటాయి కాబట్టి నంబరు కొట్టి ఈ-చలాన్ వెబ్‌సైటులో చూడండి. టైరు పక్కన ఉండే నాలుగు అంకెల్లో మొదటి రెండు తయారైన వారాన్ని, తరువాతి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. ‘2319’ అంటే 2019లో 23వ వారం. మీటరులో 30 వేలు చూపిస్తున్న 2018 కారుకు నాలుగూ కొత్త టైర్లే ఉంటే మీటరు తిప్పారేమోనని అనుమానించాలి.

మీరు చూసిన కారును బేరం మాట్లాడే ముందు ఏదైనా వాటర్ సర్వీసింగ్ షెడ్డుకు తీసుకువెళ్లి, లిఫ్టు మీద పైకి లేపించి, టార్చ్‌లైటుతో అడుగు భాగం మొత్తం చూడండి. చాంబర్ మీద గీతలు ఉంటే భయపడనవసరం లేదు, మన దారుల్లో గీత పడని కారు ఉండదు. చాంబర్ అంచు చుట్టూ కొత్త గ్యాస్కెట్ బంక కనిపిస్తే మాత్రం, అది ఎప్పుడు, ఏ రాయి తగిలి విప్పవలసి వచ్చిందో, ఎర్ర గుర్తు వెలిగిన తరువాత ఎంత దూరం నడిపారో అమ్మేవారిని సూటిగా అడగండి.