హద్దులు గీసే చదువు: డబ్బు ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: మాది బరంపురం. అమ్మాయి జాగ్రఫీతో డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉంది. ఉపగ్రహ చిత్రాలతో ఊళ్ల హద్దులు గీసి, పట్టణం ఎటు పెరుగుతోందో చెప్పే పనిలోకి వెళ్తానంటోంది. హైదరాబాద్‌లో జీఐఎస్ (కంప్యూటర్ మీద పటాలు చేసే విద్య) కోర్సుకు ఫీజు కట్టమంటోంది. కట్టొచ్చా? – ఓ తండ్రి, గంజాం జిల్లా

జవాబు: పని మంచిదేనండీ, ఫీజు మాత్రం ఇప్పుడే కట్టకండి. అక్కడ నేర్పే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితం. ఐరోపా వారి సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలూ, అమెరికా వారి పాతికేళ్ల కిందటి ల్యాండ్‌శాట్ చిత్రాలూ ఉచితమే. డెహ్రాడూన్‌లోని ఐఐఆర్‌ఎస్ (ఉపగ్రహ చిత్రాల చదువు చెప్పే ఇస్రో సంస్థ) ఆన్‌లైన్ కోర్సులు కూడా ఉచితంగా నడుపుతోంది.

ముందు బరంపురం పటం ఒకటి సొంతంగా చెయ్యమనండి. కట్టడాలను పట్టుకోవడానికి ఎన్‌డీబీఐ అనే సూత్రం వాడతారు. మన వైపు దానితో ఒక చిక్కుంది: కోత అయిపోయి ఎండిన వరిమడి కూడా అందులో కాంక్రీటులాగే కనిపిస్తుంది. ఏప్రిల్ చిత్రం ఒక్కటే పెట్టుకుంటే పొలాలన్నీ కాలనీలైపోతాయి! పంట పచ్చగా ఉన్నప్పటి చిత్రాన్ని కూడా తీసుకుని, అందులో ఆకుపచ్చగా ఉన్న జాగాను లెక్కలోంచి తీసెయ్యాలి. కొబ్బరిచెట్ల కింది ఇళ్లు దీనికి తిరకాసు, అసలు కనపడవు. అందుకే అంబపువా, అంకులి వైపు స్కూటీ మీద తిరిగి సరిచూసుకోవాల్సిందే.

ఇక అసలు ప్రశ్న. హద్దురాళ్లు పాతేసి, ఇల్లు లేక గడ్డి మొలిచిన లేఅవుట్‌ని ఊళ్లో కలపాలా వద్దా? ఇళ్ల మధ్య ఖాళీ 200 మీటర్లు దాటకపోతే ఒకే పట్టణంగా లెక్కించడం చాలాచోట్ల ఉన్న పద్ధతి. నార్వేలో అది 50 మీటర్లే. మన 2011 జనగణన అయితే కట్టడాల జోలికే పోలేదు: మున్సిపాలిటీ లాంటిది లేని ఊరు పట్టణం కావాలంటే కనీసం 5,000 జనాభా, చదరపు కిలోమీటరుకు 400 మంది, పురుష ప్రధాన శ్రామికుల్లో 75 శాతం వ్యవసాయేతర పనుల్లో ఉండాలి, అంతే. దాంతో కాగితం మీద పంచాయతీ, కంటికి పట్టణం అయిన చోట్లు బోలెడు. ఏ నియమం ఎందుకు ఎంచుకుందో మీ అమ్మాయి అరపేజీ రాయగలిగితే, ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కన్నా అదే ఎక్కువ పనికొస్తుంది.

ఉద్యోగాల సంగతికొస్తే, పట్టణాల మాస్టర్ ప్లాన్లు ఇప్పుడు జీఐఎస్ మీదే తయారవుతున్నాయి. ఉపగ్రహ చిత్రాలతో పనిచేసే ప్రభుత్వ సంస్థలు భువనేశ్వర్‌లో ఓర్సాక్, హైదరాబాద్‌లో ఎన్‌ఆర్‌ఎస్‌సీ ఉన్నాయి. ప్రైవేటులో తొలి ఉద్యోగం చాలావరకు రోజంతా గీతలు గీసే డిజిటైజింగ్. జీతం తక్కువ, ఏడాది మించి అక్కడ ఉండనివ్వకండి. పీజీ మాత్రం తప్పదు. రిమోట్ సెన్సింగ్‌కి (ఉపగ్రహ చిత్రాల చదువు) వెళ్లొచ్చు, లేదా జాగ్రఫీ పీజీ అయ్యాక ఎం.ప్లాన్‌కి (పట్టణ ప్రణాళికలో పీజీ) ప్రయత్నించొచ్చు, దానికి విజయవాడలో ఎస్‌పీఏ అనే కేంద్ర విద్యాసంస్థ ఉంది. తెలుగూ ఒడియా రెండూ వచ్చిన పిల్ల (బరంపురంలో రెండూ ఒకే వాక్యంలో దొర్లుతాయి కదా!) ఆంధ్ర-ఒడిశా సరిహద్దుకు అటూ ఇటూ క్షేత్ర పరిశీలన చెయ్యగలదు. బయోడేటాలో ఆ మాట పైనే రాయమనండి.

ఫీజుకని దాచిన డబ్బుతో 16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ కొనండి. మిగిలింది పీజీకి ఉంచండి.